లప్పం మీద పలకరాయి

మా ఊరి రాయి మా ఊరి గోడల మీద కనపడదు. మార్కాపురం పలకరాయి లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతుంది. మేము మాత్రం ఇళ్లకు రంగులు పూసుకుంటాం, ఇంకాస్త గొప్పకు పోతే టైల్స్ అంటించుకుంటాం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! అందుకే మా కొత్త ఇంటి ముందు గోడకు పలకరాయి వేయిస్తానని నేను అన్నప్పుడు మా ఆయన నవ్వాడు.

"మన ఊర్లో ఎవరన్నా గోడకు పలకలు అతికిస్తారా? బడిపిల్లోళ్లు వచ్చి ఓనమాలు దిద్దుతారు పో" అన్నాడు.

ఆయన నవ్వితే నాకు మండుతుంది. మాది స్టీలు సామాన్ల దుకాణం. గల్లాపెట్టె దగ్గర కూర్చుని నేను ఒక కేక వేస్తే బజారు చివర ఉన్న టీ కొట్టుదాకా వినపడుతుందని అందరూ అంటారు. కోపం వస్తే ఇల్లు పీకి పందిరి వేస్తానని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. ఈ గుణం గురించి ఇదివరకు గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, అయినా చెప్పాలి.

అప్పటికే ముందు గోడకు రంగు వేయించాలని లప్పం పెట్టించాం. గోడ నున్నగా రావడానికి రంగు కింద తెల్లగా పూస్తారే, అది. ఇక రంగు డబ్బాలు తేవడమే తరువాయి. అలాంటి సమయంలో నాకు రాయి వేయించాలని బుద్ధి పుట్టింది. గృహప్రవేశం ముహూర్తానికి ఇంకా నెలరోజులుంది. ఫరవాలేదు, నెలరోజులంటే ఎంత కాలం అనుకున్నాను.

మేస్త్రిని నేనే వెతికి పిలిపించాను. చిన్నప్పుడు పలకల షెడ్డులో రాళ్లు చీల్చి, తరువాత గోడల పనిలోకి వచ్చిన మనిషి. ఇంట్లో ఉర్దూ, బయట మా అందరి తెలుగు. నేను భాయ్ అనేదాన్ని. నాకంటే పదేళ్లు పెద్దవాడైనా నన్ను అక్కా అనేవాడు. "నేను నీకంటే చిన్నదాన్ని గదా భాయ్" అంటే, "పని ఇచ్చేటోళ్లంతా అక్కలే" అని నవ్వేవాడు. మొండివాడు, నిదానస్తుడు, తన చేతి మీద తనకు మహా గర్వం. ఇంకొకరు చేసిన పని చూపిస్తే ఒక్క క్షణం చూసి మొహం పక్కకు తిప్పుకునేవాడు.

మొదటి రోజు వచ్చి కొలతలు తీసుకునే ముందే గోడను గోటితో గీకాడు. గోట్లోకి తెల్లపొడి వచ్చింది.

"అయ్యో అక్కా, లప్పం పెట్టిచ్చినావే!"

"పెట్టిచ్చినా. రంగు వేద్దామనుకున్నాం గదా అప్పుడు. ఏంది దానికి?"

"ఇదంతా పోవాల. గోడ మొత్తం సుత్తె, ఉలి పెట్టి చెక్కులు కొట్టాల, లోపలి గరుకు కనపడేదాకా. రాయి సిమెంటును పట్టుకుంటాది, సిమెంటు గోడను పట్టుకుంటాది. నడుమ ఈ తెల్లది ఉంటే ఎవురూ ఎవుర్నీ పట్టుకోరు."

సరే అన్నాను. అంత స్పష్టంగా చెప్పాడు, అంత స్పష్టంగా విన్నాను. నాకు తెలియదని అనడానికి ఎక్కడా సందు లేదు.

రాయి ఎంచడానికి ఊరి బయట ఉన్న గోడౌన్లకు ఇద్దరం వెళ్లాం. నల్లనిది, బూడిద పచ్చది, తుప్పు రంగుది, మూడూ కలిపి వేస్తే బాగుంటుందని అన్నాడు. నేను రంగు చూసి పక్కన పెడుతుంటే అతను ఒక్కొక్క ముక్కను చేతిలోకి తీసుకుని సుత్తె పిడితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఖంగుమంటే ఇటు, మొద్దుగా పలికితే అటు. లోపల పగులు ఉన్న రాయి మొద్దుగా పలుకుతుందట. మధ్యాహ్నం దాటింది, నా కడుపు కాలిపోతోంది. "భాయ్, ఇది రాయా, పెళ్లికూతురా?" అన్నాను. "పెళ్లికూతురునైనా మళ్లీ పంపించొచ్చు అక్కా, గోడెక్కిన రాయిని దించలేం" అన్నాడు. అంత ఆకలిలోనూ నవ్వొచ్చింది.

తరువాత అతను చేసిన పని నేను ఎక్కడా చూడలేదు. మా ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉంది. అక్కడ ముగ్గుపిండితో మా గోడంత గీత గీశాడు, కిటికీల చోట్లు వదిలాడు. తెచ్చిన రాళ్లన్నీ సిమెంటు లేకుండా ఆ గీతలో పరిచాడు. అడుగు పొడుగు ముక్క, దాని పక్కన బెత్తెడు ముక్క, నలుపు పక్కన తుప్పు రంగు. అలా రెండున్నర రోజులు. దారిన పోయేవాళ్లు ఆగి, ఇల్లు కూలిందా అని అడిగిపోయారు. మూడో రోజు నన్ను మేడ ఎక్కమన్నాడు.

"పైనుంచి చూడక్కా. ఏది మార్చాలన్నా ఇప్పుడే చెప్పు."

పైనుంచి చూస్తే మా గోడ నేల మీద పడుకుని ఉంది. ఎంత అందంగా ఉందో! ఊరికే పెద్దరికం కోసం రెండు రాళ్లు మార్చమన్నాను. మార్చాడు. మళ్లీ ఎందుకో ఉన్నచోటే పెట్టమన్నాను. అదీ చేశాడు, విసుక్కోలేదు. ప్రతి రాయి వెనుక సుద్దతో అంకె వేసి, వరసగా పేర్చి గోనెలు కప్పాడు.

ఆ రోజే, రాళ్లు ఇంకా నేల మీద నుంచి ఎత్తకముందే, మా అన్న వచ్చాడు. మా అన్నకు గిద్దలూరులో సిమెంటు, ఇనుము దుకాణం. ఇద్దరు భాగస్తులతో కలిసి అక్కడ కళ్యాణమండపం కట్టిస్తున్నాడు. నేను చెప్పిన గొప్పలు విని చూడటానికి వచ్చాడు. మేడ ఎక్కి చూశాడు. కిందికి దిగి మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"భాయ్, ఈ గోడ పూర్తయినంక మావాళ్లిద్దర్నీ తీసుకొస్తా. వాళ్లకు నచ్చితే మండపం ముందరంతా నీదే."

అన్న వెళ్లిపోయి, రాళ్లు పేర్చడం అయ్యాక మేస్త్రి చాలాసేపు గోనెల పక్కనే కూర్చున్నాడు. నేను టీ ఇస్తే తీసుకుని, "అక్కా, ఇన్నేండ్లు కాంపౌండు గోడలకు, బాత్రూములకు అతికిస్తానే ఉన్నా. గిద్దలూరు బస్టాండులో దిగినోళ్లంతా చూసే గోడ ఒక్కటి చేస్తే చాలు. ఇంక రెండు మూడేండ్లే ఈ చేతులు ఆడేది" అన్నాడు. అతని వేళ్ల కొసలు అరిగిపోయి ఉన్నాయి. "అయిపోయిందనుకో భాయ్, మా అన్న నా మాట జవదాటడు" అన్నాను. అంత ధీమాగా అన్నాను.

ముహూర్తం ఇంకా పదకొండు రోజులు ఉందనగా మేస్త్రి కొమరోలు వెళ్లవలసి వచ్చింది. కూతురి అత్తగారు చనిపోయింది. రెండు రోజుల్లో వస్తానన్నాడు. పోతూ పోతూ నాకు పని అప్పజెప్పాడు. కూలీలతో గోడ మొత్తం చెక్కులు కొట్టించాలి, కడిగించాలి, ఆ తరువాత సిమెంటు పాలు చల్లించాలి, రెండు పూటలా తడపాలి. "పైన మూడడుగులకు పరంజా కట్టాల్సొస్తాది, బద్దకించొద్దు అక్కా" అని ప్రత్యేకంగా చెప్పాడు.

కూలీలు పెద్దారవీడు నుంచి రోజూ ఆటోలో వచ్చే మొగుడూ పెళ్లాం. మొదటి రోజంతా కొట్టారు. తెల్ల దుమ్ము మబ్బులా లేచి పక్కింటి వాళ్ల ఆవకాయ ముక్కల మీద పడింది. పక్కింటామె నాతో గొడవకొచ్చింది. నేను ఊరుకుంటానా? ఇద్దరం వీధి వినేలా అరుచుకున్నాం. లోపల పెయింటర్లు, బయట పందిరి వాళ్లు, వంటవాళ్లకు బజానా ఇవ్వాలి, దుకాణంలో మా ఆయన ఒక్కడే. రెండో రోజు మధ్యాహ్నానికి నిచ్చెన అందినంత వరకూ చెక్కడం అయింది. పైన మూడడుగులు తెల్లగా అలాగే ఉంది. పరంజా కట్టాలంటే ఇంకొక రోజు.

"పైన ఎవడు చూస్తాడు? పాలు చల్లెయ్యండి" అన్నాను.

కూలీ ఆమె చేతిలో సుత్తె పట్టుకుని నా మొహం చూసింది. "మేస్త్రి తిడతాడక్కా."

"ఇల్లు నాదా, మేస్త్రిదా? చెప్పింది చెయ్యి!"

చల్లారు. బూడిద రంగు పాలు పడగానే చెక్కిన గోడా, చెక్కని గోడా ఒకటైపోయాయి. నేనే కింద నిలబడి చూసి, బాగుంది, ఏమీ తెలియడం లేదు అనుకున్నాను. తప్పు చేస్తున్నానని తెలియకపోతే అలా చూసుకోవలసిన పనేముంది?

మర్నాడు మేస్త్రి వచ్చాడు. ఇక్కడ ఒక పద్ధతి ఉంది. గోడకు రాయి మొదలుపెట్టేటప్పుడు మొదటి రాయికి ఇంటి ఇల్లాలు పసుపు కుంకుమ పెట్టి, తన చేత్తో మేస్త్రికి అందించాలి. మేస్త్రి ఏ మతంవాడైనా సరే, చెప్పులు విప్పి రెండు చేతులతో అందుకుంటాడు. నేను పసుపు పెట్టి రాయి చేతికిస్తుంటే, అందుకోకుండా ఒక్క నిమిషం ఆగాడు.

"పైన గూడ చెక్కిచ్చినావా అక్కా?"

"చెక్కిచ్చినా భాయ్."

నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. అతను మళ్లీ అడగలేదు. పైకెక్కి గోకి చూడలేదు. బిస్మిల్లా అని రాయి అందుకున్నాడు.

గోడ లేచింది. గృహప్రవేశానికి వచ్చిన వాళ్లు లోపలికి రావడం మాని బయటే నిలబడ్డారు. నన్ను పొగడని వాళ్లు లేరు. మా ఆయన కూడా, "నీ మాట నెగ్గింది పో" అన్నాడు. మేస్త్రి కొత్త చొక్కా వేసుకుని భోజనానికి వచ్చి, వెళ్లేటప్పుడు రోడ్డు అవతల నిలబడి గోడను చూసి వెళ్లాడు. నేను కిటికీలోంచి చూశాను. గర్వపడ్డాను కూడా, అంతా నా ఘనతే అయినట్టు.

వానలు మొదలయ్యాయి. ముసురు పట్టి మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజు పొద్దున అన్న తన భాగస్తులిద్దరినీ తీసుకుని వస్తానన్నాడు. వాకిలి ఊడుద్దామని తలుపు తీస్తే పై వరసలోని రాళ్లు ఆరు కింద పడి ఉన్నాయి. వాటిలో రెండు పగిలిపోయాయి. గోడ పళ్లూడిన నోరులా ఉంది. వెంటనే కోపం వచ్చింది. నాకు భయం కూడా కోపంగానే వస్తుంది, అదే నా ఖర్మ. ఫోన్ చేసి మేస్త్రిని నోటికొచ్చినట్టు తిట్టాను.

అతను ఆటోలో దిగేసరికి అన్న, భాగస్తులు, మా ఆయన, పక్కింటామె, అందరూ వాకిట్లోనే ఉన్నారు. అతను ఎవరినీ పలకరించలేదు. మా ఇంట్లోనే వదిలిపోయిన తన నిచ్చెన వేసుకుని చివరి మెట్టుదాకా ఎక్కి, చెయ్యి చాచి మిగిలిన పై వరసను సుత్తె పిడితో తట్టాడు. డబడబమని బోలుగా మోగింది. ఇంకొక రాయి దానంతటదే ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని తిప్పి చూశాడు. చూస్తూ నిచ్చెన మీదే ఉండిపోయాడు. తరువాత దిగి నా ముందుకు వచ్చాడు. రాయికి పట్టిన సిమెంటు వెనుకవైపు తెల్లగా, నున్నగా ఉంది. లప్పం పొరకు పొర ఊడి వచ్చింది.

అప్పుడతను అక్కా అనలేదు.

"అమ్మా, అందరి ముందర ఒక్క మాట చెప్పు. పైన చెక్కిచ్చినావా, లేదా?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. లేదు భాయ్ అంటే అయిపోయేది. ఒక పూట నవ్వుతారు, రెండు రోజులు మా ఆయన దెప్పుతాడు. నేను అన్న మొహం చూశాను. కొత్త మనుషులిద్దరి మొహాలు చూశాను. ఆవకాయ పక్కింటామె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చెక్కిచ్చినా అని ఆ పొద్దే చెప్పినా గదా! నీకు పని చేతగాక నా మీద తోస్తావా? నీళ్ల సిమెంటు పెట్టి అతికిచ్చి పోయినావు. ఎవరి నెత్తినన్నా పడుంటే ఎవరు సమాధానం చెప్పేది?"

ఇంకా ఏమేమో అన్నాను. నమ్మితే నట్టేట ముంచినావన్నాను. అరుస్తున్న కొద్దీ నా మాట నాకే నిజంలా వినపడింది. అతని మొహం నల్లబడింది. ఎదురు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడం చేతకాని మనిషేం కాదు, కూలీలను ఎలా తిట్టేవాడో విన్నాను. రాయిని మెల్లిగా అరుగు మీద పెట్టి మా అన్న వైపు తిరిగాడు.

అన్న గొంతు సవరించుకున్నాడు. "సరేలే భాయ్, నువ్వు పో. మళ్ల మాట్లాడదాం."

అంతే. నిచ్చెన కూడా తీసుకోకుండా నడిచి వెళ్లిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం అందరికీ పప్పు, చిత్రాన్నం వడ్డించాను. అందరూ తిన్నారు. గోడ మాట ఎవరూ ఎత్తలేదు.

మండపం పని ఎక్కడి నుంచో వచ్చిన వాళ్లకు ఇచ్చారు. మా గోడ పైభాగం వేరే మనిషి చెక్కి, వేరే రాళ్లతో పూర్తి చేశాడు. చూసేవాళ్లకు తేడా తెలియదు. నాకు తెలుస్తుంది. దుకాణంలో ఎవరైనా గట్టిగా భాయ్ అని పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే, "ఆ మేస్త్రి సిమెంటు సరిగ్గా కలపలేదులే" అనేదాన్ని. ఆ మాట అన్న ప్రతిసారీ మా ఆయన గిన్నెలు సర్దడం మొదలుపెట్టేవాడు.

ఏడాది గడిచింది. రాచర్లలో ఒక పెళ్లికి సామాను ఇచ్చిరావడానికి వెళ్లాను. ఆ ఇంటి వెనుక బాత్రూములో ఎవరో టైల్స్ వేస్తున్నారు. నీళ్లకోసం అటు వెళ్తే అతను. మోకాళ్ల మీద కూర్చుని, తెల్ల టైలును తట్టి చెవి పెట్టి వింటున్నాడు. నన్ను చూశాడు. చూసి, మళ్లీ తన పనిలోకి వంగాడు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. నీళ్లు తాగకుండానే వచ్చేశాను.

ఆదివారం అతని ఇంటికి వెళ్లాను. అతని భార్య కుర్చీ వేసి, టీ పెట్టడానికి లోపలికి పోయింది. అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక ఒక్కసారిగా అనేశాను.

"భాయ్, పైన చెక్కిచ్చలేదు. నేనే వద్దన్నా. అబద్ధం చెప్పినా. రెండుసార్లు."

అతను ఆశ్చర్యపోలేదు. అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"అది నాకు చెప్పేదానికి ఇంత దూరం ఎందుకు వచ్చినావు? నాకు తెల్సు గదా. తెలియనోళ్లకు చెప్పు పో."

టీ వచ్చింది. తాగకుండా వస్తే బాగుండదని తాగాను. ఆమెకేమీ తెలియదేమో, మళ్లీ రమ్మంది.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా అన్నకు ఫోన్ చేశాను. ఏడుస్తూనే మొత్తం చెప్పాను. లప్పం, పరంజా, పసుపు చేత్తో ఆడిన అబద్ధం, అన్నీ. అన్న అటునుంచి అడ్డుపడకుండా విన్నాడు.

"నాకు తెల్సులేమ్మా" అన్నాడు.

"ఎప్పుడు తెల్సింది?"

"ఆ పొద్దే. ఇరవై ఏండ్లుగా సిమెంటు అమ్ముతాన్నా, ఆ తెల్లది ఏందో నాకు తెలియదా? మా భాగస్తులు గూడ కార్లో అదే అనుకున్నారు."

"మరి ఎందుకు మాట్లాడలేదన్నా? అతని పని పోయింది గదా!"

"అందరి ముందర నా చెల్లెలు అబద్ధమాడతాందని నా నోటితో అనాల్నా? మేస్త్రి పోతే ఇంకో మేస్త్రి వస్తాడు. చెల్లెలు యాడ వస్తాది? ఐపోయిందిలే, దాన్ని తవ్వుకోవద్దు."

ఫోన్ పెట్టి తిరిగి చూస్తే మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. ఆయనను ఏమీ అడగలేదు. అడగకుండానే, "ఆ కూలీ ఆమె నాకు ముందే చెప్పిందిలే" అన్నాడు. సాయంత్రం పక్కింటామె దగ్గరికి పోయి, సిగ్గు విడిచి ఆమెకూ చెప్పాను. "మీ గోడ చెక్కేటప్పుడు దుమ్మంతా తిన్నదాన్ని నేను, ఎంతవరకూ చెక్కినారో నాకు తెలియదా?" అంది.

ఆ రోజు వాకిట్లో నా అబద్ధాన్ని నమ్మినవాళ్లు ఒక్కరూ లేరు. అందరికీ తెలుసు. తెలిసే, నేను వాళ్ల మనిషిని గనుక, అతన్ని పొమ్మన్నారు. తెలియని వాళ్లకు చెప్పమన్నాడు మేస్త్రి. ఊరంతా వెతికినా అలాంటివాళ్లు దొరకలేదు, ఇది చదువుతున్న మీరే మిగిలారు.